బండలున్న ఏటవాలులో నాలుగు చెక్క క్యాబిన్లు: నేల చదును చేయాలా, కాళ్ల మీద లేపాలా?

రాతిగట్టు:

అందరికీ నమస్తే. చాలాకాలంగా ఇక్కడ చదువుతూనే ఉన్నా గానీ అడగడం ఇదే మొదటిసారి, పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా కుటుంబానికి ఒక ఏటవాలు జాగా ఉంది. సుమారు ఎకరంన్నర. సగానికి పైగా పరుపుబండే, మిగతా చోట గుండ్లు, ఆ గుండ్ల సందుల్లో పాతుకుని పెరిగిన పాత చెట్లు. వాలు కొన్నిచోట్ల మూడడుగులకి ఒక అడుగు దిగిపోతుంది. పైన గట్టు మీద నిలబడితే కింద లోయంతా కనబడుతుంది, గాలి మాత్రం విపరీతం. అక్కడ వచ్చే అతిథుల కోసం నాలుగు చిన్న చెక్క క్యాబిన్లు కడదామని మా ఆలోచన, ఒక్కోదాంట్లో ఇద్దరు ఉండేలా, పదడుగుల వెడల్పు ఇరవై అడుగుల పొడవు, అంతకంటే పెద్దవి వద్దనే అనుకుంటున్నాం.

ఒక కాంట్రాక్టర్ వచ్చి చూసి వెళ్లాడు. బండని కొట్టించి నాలుగు మెట్లలాగా చదును చేసేద్దాం, వెనకాల మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్ కట్టి స్లాబ్ పోసేస్తే దాని మీద నాలుగు క్యాబిన్లు వరసగా ఒకేలా దించేయొచ్చు, పని తొందరగా అయిపోతుంది అన్నాడు. నాన్న కూడా అదే కరెక్ట్ అంటున్నారు. నాకే మనసొప్పట్లేదు. జనం అక్కడికి వచ్చేదే ఆ బండ కోసం, ఆ చెట్ల కోసం, వాటినే పగలగొట్టి వాటి మీద చెక్క ఇల్లు పెట్టి ప్రకృతి అని చెప్పుకోవడం ఏం బాగుంటుంది? కానీ నాన్నకి చెప్పడానికి నా దగ్గర మనసొప్పట్లేదు అన్న మాట తప్ప ఇంకో కారణం లేదు.

అందుకే అడుగుతున్నా. చదును చేయకుండా కట్టడం నిజంగా కుదురుతుందా? బండ మీద కాళ్లు ఎలా నిలబెడతారు? ఎలాంటి కలప వాడితే పదేళ్ల తర్వాత కూడా నిలబడుతుంది? లోయ వైపు గోడంతా అద్దం పెట్టేద్దామని మా చెల్లెలి కోరిక, అది మంచిదేనా?


దూలం_వాసం:

రాతిగట్టు గారూ, మీ మనసు చెప్పిందే కరెక్ట్ అండీ. పైగా దానికి మంచి గట్టి కారణాలే ఉన్నాయి, నాన్నగారికి ధైర్యంగా చెప్పండి.

మొదటిది నీళ్లు. పరుపుబండ మీద పడిన వాన ఇంకదు, మొత్తం జారిపోతుంది, ఎన్నో ఏళ్లుగా దానికంటూ ఒక దారి పడిపోయి ఉంటుంది. మీరు బండని మెట్టులా కోశారనుకోండి, పైనుంచి వచ్చే నీళ్లన్నీ ఆ మెట్టు మూలలో, అంటే సరిగ్గా మీ క్యాబిన్ వెనక గోడ కింద చేరతాయి. రిటైనింగ్ వాల్ వెనక కంకర, పైపులు అన్నీ సరిగ్గా వేస్తేనే ఆ నీళ్లు బయటికి పోతాయి, ఆ పైపు మట్టితో పూడుకుపోయిన రోజున మళ్లీ మొదటికొస్తుంది. అదే క్యాబిన్‌ని రెండడుగులు పైకి లేపితే నీళ్లు ఎప్పట్లాగే కింద నుంచి పోతాయి, మీరు ఏమీ చేయక్కర్లేదు.

రెండోది, కొట్టిన బండ మళ్లీ రాదు. చెట్టు కొట్టేస్తే ఇంకోటి నాటొచ్చు. బండ మీద పాచి, పగుళ్లలో చేరిన మట్టి, అందులో గడ్డి, ఇవన్నీ కుదురుకోవడానికి ఎంత కాలం పట్టిందో, ఒక్క పూటలో యంత్రం తీసేస్తుంది.

ఇలా కట్టినవాళ్లు ఉన్నారు. నార్వేలో వాల్డాల్ దగ్గర యూవెట్ అని ఒక ల్యాండ్‌స్కేప్ హోటల్ ఉంది, యెన్సెన్, స్కోద్విన్ అనే ఆర్కిటెక్టులు డిజైన్ చేశారు. చిన్న చిన్న చెక్క గదులు, ఒకదానికొకటి దూరంగా, ఒక గదిలో నుంచి ఇంకో గది కనబడకుండా పెట్టారు. వాళ్లు నేలని దాదాపుగా ముట్టుకోలేదు, బండలోకి రంధ్రాలు వేసి 40 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు కడ్డీలు దింపి వాటి మీద గదుల్ని నిలబెట్టారు, అంతే. గదులు తీసేస్తే కింద నేల దాదాపు ఎలా ఉండేదో అలాగే ఉంటుంది.

మీకు నేను చెప్పేది ఒక్కటే: నాలుగు క్యాబిన్ల ఒళ్లు ఒకేలా ఉండనివ్వండి, కాళ్లు మాత్రం దేనికవే వేరుగా ఉండనివ్వండి. అంటే నేల ఫ్రేము, గోడలు, వాసాలు అన్నీ ఒకే కొలత, ఒకసారి కొలత తీసుకుని నాలుగు సెట్లు కోసుకోవచ్చు, కాంట్రాక్టర్ కోరుకునే తొందర అక్కడ వచ్చేస్తుంది. కింద గుంజలు మాత్రం ఒకటి అడుగున్నర, ఇంకోటి ఐదడుగులు, బండ ఎలా ఉంటే అలా. నేలని మట్టం చేసే పని కాళ్లకి అప్పగించండి.

కలప, మేకుల సంగతి రేపు రాస్తాను, అది వేరే పెద్ద కథ.


చినుకు:

పైన అన్న చెప్పిన రిటైనింగ్ వాల్ విషయం మాకు నిజంగా జరిగింది కాబట్టి రాస్తున్నా.

మేం కట్టింది ఒకటే క్యాబిన్, మీలాంటి వాలులోనే, చదును చేయించి స్లాబ్ పోయించి కట్టాం, చేసినవాళ్లకి బాగానే అనుభవం ఉంది, మేమే నమ్మాం. మొదటి వానాకాలం ఏమీ కాలేదు. రెండో ఏడాది వెనక గోడ కింద చెక్కకి నల్లటి మచ్చలు వచ్చాయి, తుడిచేశాం, మూడో ఏడాది అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అంగుళం లోపలికి దిగిపోయింది. గోడల బరువు మోసే అడుగు పట్టె మొత్తం మెత్తబడిపోయింది. విప్పి చూస్తే స్లాబ్‌కి, బయట నేలకి మధ్య ఎత్తు నాలుగంగుళాలు కూడా లేదు, చూరు నుంచి పడిన నీళ్లు నేలకి కొట్టుకుని ఎగిరి రోజూ ఆ చెక్కనే తడిపాయి. వెనకాల గోడకి, క్యాబిన్‌కి మధ్య సందు ఇరుకు, ఎండా తగలదు, గాలీ ఆడదు, తడిసింది ఆరనే లేదు.

చెక్కకి తడవడం వల్ల కాదు, ఆరకపోవడం వల్ల పుచ్చు పడుతుందని మాకు అప్పుడు అర్థమైంది. కలపలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే చెక్కని తినే బూజు పెరగడం మొదలవుతుంది, దానికంటే తక్కువలో ఉంచగలిగితే ఏళ్ల తరబడి ఏమీ కాదు. తేమ మీటరు అని చిన్న పరికరం దొరుకుతుంది, రెండు ముళ్లు చెక్కలో గుచ్చితే అంకె చూపిస్తుంది, అది కొనుక్కోండి, మేం ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు మూలమూలా గుచ్చి చూసుకుంటున్నాం.

నేల నుంచి మొదటి చెక్క ముక్క దాకా కనీసం ఎనిమిది అంగుళాలు, వీలైతే అడుగు ఉంచండి. ఈ ఒక్క మాట మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక గోడ మొత్తం విప్పే పని తప్పేది.


రాతిగట్టు:

చినుకు గారూ చాలా థాంక్స్, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించా, స్క్రూడ్రైవర్ దిగిపోయింది అన్న దగ్గర ఆయన ఆగిపోయి మళ్లీ చదవమన్నారు. ఇప్పుడు ఆయన ప్రశ్న వేరే: అంత గాలిలో కాళ్ల మీద నిలబెడితే పడిపోదా, ఎగిరిపోదా అని. గుంజలు పెట్టే చోట కొన్నిచోట్ల పరుపుబండ, కొన్నిచోట్ల విడిగా ఉన్న గుండ్లు ఉన్నాయి, రెండింటి మీదా పెట్టొచ్చా?


గాలివాటం:

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. నాన్నగారు అడిగింది చాలా సరైన ప్రశ్న, అందరూ క్యాబిన్ బరువు కింద కుంగుతుందేమో అని భయపడతారు గానీ చెక్క క్యాబిన్‌కి అసలు భయం పైకి లేచిపోవడం, పక్కకి ఒరిగిపోవడం.

ఒక లెక్క చూడండి. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, సెకనుకి మీటర్లలో వేగాన్ని వర్గం చేసి 0.6 తో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్ని న్యూటన్లో వస్తుంది. సెకనుకి 40 మీటర్లు, అంటే గంటకి 144 కిలోమీటర్ల గాలి అనుకుంటే 960 న్యూటన్లు, చదరపు మీటరుకి దాదాపు 98 కిలోలు. మీ పైకప్పు చూరుతో కలిపి 25 చదరపు మీటర్లు అనుకుందాం, మొత్తం మీద అంతే ఒత్తిడి పైకి లాగితే రెండున్నర టన్నులకి దగ్గరగా వస్తుంది. మూలల్లో, చూరు అంచుల్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. గాలి రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. అందుకని పైకప్పు రేకు నుంచి వాసానికి, వాసం నుంచి గోడకి, గోడ నుంచి నేల దూలానికి, దూలం నుంచి గుంజకి, గుంజ నుంచి బండలోకి, ఒక గొలుసులాగా ఎక్కడా తెగకుండా లోహపు పట్టీలతో కట్టుకుంటూ రావాలి. మేకు ఒక్కటే నిలువుగా దిగి ఉంటే పైకి లాగినప్పుడు ఊడివస్తుంది, పట్టీ తప్పనిసరి.

పక్కకి ఒరగకుండా గుంజల మధ్య ఏటవాలు బద్దలు ఇంటూ మార్కులా రెండు దిక్కుల్లోనూ కట్టాలి. పొడవు గుంజలు, పొట్టి గుంజలు కలిసి ఉన్నప్పుడు ఒక చిక్కు ఉంది, పొట్టివి గట్టిగా బిగుసుకుని ఉంటాయి కాబట్టి పక్కబలం ఎక్కువగా అవే మోస్తాయి, పొడవాటివి వంగిపోతాయి. కాళ్లు వేరువేరుగా ఉండాలన్న దూలం_వాసం గారి ఆలోచన నాకూ నచ్చింది, కానీ ఒక్కో క్యాబిన్‌కీ బద్దల లెక్క విడిగా వేయించాలి, ఒకదాని డ్రాయింగ్ నాలుగింటికీ వాడకూడదు.

ఇక గుండ్లు. విడిగా ఉన్న గుండు మీద గుంజ పెట్టొద్దు. అది ఎంత పెద్దదైనా సరే, కింద మట్టి కోసుకుపోతే కదులుతుంది. పరుపుబండ అయినా అంతా ఒకటే అనుకోకూడదు, సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి, ఖంగుమని మోగితే గట్టిది, మొద్దుగా, డొల్లగా వినబడితే అక్కడ పైపొర లేచి ఉందని అర్థం, ఆ చోటు వదిలేయండి.

రంధ్రం వేశాక లోపలి దుమ్ము మొత్తం పోవాలి. ఊదాలి, బ్రష్ తిప్పాలి, మళ్లీ ఊదాలి, ఇలా రెండు మూడుసార్లు. కడ్డీ చుట్టూ పోసే రెజిన్ (గట్టిపడే జిగురు) గానీ సిమెంటు గ్రౌట్ (పల్చటి సిమెంటు ముద్ద) గానీ బండని పట్టుకుంటుంది, దుమ్ముని కాదు. ఎంత మంచి రెజిన్ పోసినా లోపల దుమ్ముంటే కడ్డీ చేత్తో లాగితే వచ్చేసిన సందర్భాలు చూశాను. కడ్డీలు దింపాక జాక్‌తో లాగి చూసే పరీక్ష ఉంటుంది, కొన్నింటికైనా తప్పకుండా చేయించండి, అది అయిన తర్వాతే పైన చెక్క పని మొదలుపెట్టండి.

గుంజ అడుగున కూర్చునే లోహపు షూ ఎత్తు తిప్పి సర్దుకునేలా ఉన్నది తీసుకుంటే మంచిది, మొదటి ఏడాది కలప సర్దుకున్నాక కొద్దిగా మట్టం తేడా వస్తే బిగించుకోవచ్చు.


దూలం_వాసం:

గాలివాటం గారు చెప్పింది ఒక్క అక్షరం కూడా వదలకండి. నేను కలప సంగతి రాస్తానన్నా కదా, ఇదిగో.

ఏ జాతి అన్నదానికంటే ముందు చేవ ఉందా లేదా అని చూడండి. మాను మధ్యలో ముదురు రంగులో ఉండేది చేవ, చుట్టూ లేత రంగులో ఉండేది తెల్లచెక్క. ఎంత గొప్ప జాతి అయినా తెల్లచెక్క బయట వానలో నిలబడదు. దేవదారు, లార్చ్, టేకు ఏది దొరికినా సరే, బయట గోడ పలకలకి చేవ మాత్రమే ఏరి పెట్టుకోండి, తెల్లచెక్క లోపల పొడిగా ఉండే చోట వాడుకోవచ్చు.

పలకలు ఆరు అంగుళాల కంటే వెడల్పు వద్దు. కలప ఎండేటప్పుడు పొడవులో దాదాపు కుంచించుకోదు, అడ్డంగా కుంచించుకుంటుంది, అందులోనూ వలయాల వెంబడి కుంచించుకునేది వలయాలకి అడ్డంగా కుంచించుకునే దానికి సుమారు రెట్టింపు. అందుకే వెడల్పు పలకలు దోనెలా వంగుతాయి. నిలువు పలకలే పెట్టండి, నీళ్లు పీచు వెంబడి జారిపోతాయి. పలక కింది కొనని తిన్నగా కాకుండా ఏటవాలుగా కోస్తే చుక్క బయటి అంచు నుంచి రాలిపోతుంది. కోసిన కొనే కలపకి నోరు లాంటిది, పక్కల నుంచి కంటే ఎన్నో రెట్లు వేగంగా నీళ్లు అక్కడి నుంచే తాగుతుంది, ప్రతి కొనకీ కోసిన వెంటనే నూనె గానీ మైనం గానీ పట్టించాలి.

పలకల వెనక ఒక అంగుళం ఖాళీ వదిలి పట్టెల మీద కొట్టండి, కిందా పైనా తెరిచి ఉంచితే గాలి లోపలి నుంచి పైకి పోతూ ఉంటుంది, ఏటవాలు జల్లు లోపలికి వచ్చినా ఆరిపోతుంది. ఆ తెరిచిన చోట్ల సన్న మెష్ కొట్టడం మర్చిపోవద్దు, పురుగులు చేరతాయి. మేకులు, స్క్రూలు స్టెయిన్‌లెస్ మాత్రమే. చాలా జాతుల్లో ఉండే టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నల్లటి చారలు గోడంతా కారతాయి, అవి కడిగినా పోవు.

మెరిసే వార్నిష్ అసలు వేయొద్దండీ. ఎండకి పైపొర పగులుతుంది, ఆ పగుల్లోంచి నీళ్లు లోపలికెళ్లి బయటికి రాలేక పొర కిందే ఉండిపోతాయి, తర్వాత అంతా గీకి మళ్లీ వేసుకోవాలి. ఏమీ వేయకుండా వదిలేస్తే ఏడాది రెండేళ్లలో బూడిద రంగుకి తిరుగుతుంది, మీ బండ రంగుకి అంతకంటే దగ్గరి రంగు ఏ డబ్బాలోనూ దొరకదు. కాకపోతే చూరు నీడలో ఉన్న భాగం చాలాకాలం గోధుమ రంగులోనే ఉండి గోడ రెండు రంగుల్లో కనబడుతుంది, కొందరికి అది నచ్చదు, ముందే తెలుసుకోండి. అలా వద్దనుకుంటే జపాన్ వాళ్లు పలక పైపొరని కాల్చి నల్లగా చేసే యాకిసుగి పద్ధతి ఉంది, నల్లటి గోడ చెట్ల నీడలో కలిసిపోతుంది.

లోయ అవతల నుంచి సామాను చేతుల మీద మోయాలా, బండి వస్తుందా? పెద్ద పెద్ద సీఎల్‌టీ పలకలు, అంటే చెక్క పొరలని అడ్డం నిలువుగా అతికించి చేసిన మందపాటి పలకలు చూపించి ఎవరైనా ఒప్పిస్తారేమో. నాలుగంగుళాల మందం ఉన్న నాలుగు బై ఎనిమిది అడుగుల పలక ఒక్కటే 130, 140 కిలోలు ఉంటుంది, గుండ్ల మధ్య నలుగురు మోయడం కూడా ప్రమాదం. దారి లేని చోట విడి విడి పట్టెలతో ఫ్రేము కట్టుకోవడమే సరైన పద్ధతి.


మిణుగురు:

నా మాట కొంచెం తేడాగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. అందరూ కాళ్ల మీద లేపండి అంటున్నారు, నేనూ ఒప్పుకుంటా, కానీ ఆ కింద ఉండే ఖాళీ గురించి ఎవరూ రాయలేదు.

చుట్టూ పాత చెట్లు అన్నారు కదా. ఎండాకాలంలో రాలిన ఆకంతా గాలికి కొట్టుకొచ్చి చేరేది సరిగ్గా ఆ క్యాబిన్ కిందకే. అడవి అంటుకున్నప్పుడు చాలా ఇళ్లు మంట నేరుగా తగిలి కాదు, గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వలు ఇలాంటి సందుల్లో పడి తగలబడతాయి. నేల కింద ఎండాకు, పైన ఎండిన చెక్క, మధ్యలో ఈదురు గాలి, ఇంతకంటే పొయ్యి ఇంకేం కావాలి. ఇది తలుచుకుంటే నాకు నిజంగా నిద్ర పట్టదు, ఎందుకంటే లోపల పడుకునేది దారి తెలియని అతిథులు.

కాబట్టి నేల ఫ్రేము అడుగున సిమెంటు బోర్డు లాంటి మండని పలక కొట్టించండి. వెంటిలేషన్ కోసం వదిలిన ప్రతి సందుకీ లోహపు మెష్, కన్నం రెండు మిల్లీమీటర్ల లోపే ఉండాలి, ప్లాస్టిక్ మెష్ వద్దు, కరిగిపోతుంది. క్యాబిన్ చుట్టూ మొదటి ఐదడుగుల్లో ఎండిన గడ్డి, పొదలు, కట్టెల మోపు ఏదీ ఉండకూడదు, కాలిఫోర్నియాలో ఈ ఐదడుగుల్ని జోన్ జీరో అంటారు. మీకు అక్కడ ఎలాగూ బండే ఉంది, అది మీ అదృష్టం, ఊడ్చి శుభ్రంగా ఉంచితే చాలు. పైకప్పుకి రేకు వేయండి, చెక్క పెంకులు వద్దు. మనిషి వంగి లోపలికి వెళ్లి ఊడ్చగలిగేంత ఎత్తు ఉండేలా చూసుకోండి, చెయ్యి దూరని ఖాళీ అన్నింటికంటే చెడ్డది. చెదల మట్టి గొట్టాలు గుంజల మీద పాకాయేమో చూసుకోవడానికీ ఆ ఎత్తు పనికొస్తుంది.

ఇంకో విషయం చూరు గురించి. అందరూ చూరు ఎంత బయటికి ఉంటే అంత మంచిది అంటారు. వానకి నిజమే, కానీ మీ గట్టు మీద గాలి విపరీతం అన్నారు, పొడుగు చూరుని గాలి కింద నుంచి పట్టుకుని లేపుతుంది. కాలిఫోర్నియా ఉత్తర తీరంలో సీ రాంచ్ అని 1960లలో మొదలైన కాలనీ ఉంది, అక్కడ సముద్రపు గాలి ఆగకుండా కొడుతుంది, వాళ్లు చూరే లేకుండా, పైకప్పుని గాలి మీదుగా జారిపోయేలా ఒకవైపుకి వాల్చి, రంగు వేయని రెడ్‌వుడ్ పలకలతో కట్టారు. ఆ ఇళ్లు అక్కడి గాలికి వంగి పెరిగిన సైప్రస్ చెట్ల వాలునే పట్టుకున్నట్టు ఉంటాయి. మీరు గట్టు మీద పెట్టే క్యాబిన్‌కి చూరు తక్కువ, కింద చెట్ల మధ్య పెట్టేవాటికి రెండడుగుల చూరు, అలా చోటుని బట్టి మార్చుకోండి.


గాలివాటం:

మిణుగురు గారు చెప్పిన చూరు విషయం నూటికి నూరు పాళ్లు నిజం. నా లెక్కలో అంచుల్లో బలం ఎక్కువ అని ఒక్క ముక్కలో రాసి వదిలేశాను, అక్కడ ఆగి చెప్పాల్సింది. అడుగున బోర్డు కొట్టేటప్పుడు మాత్రం దాని పైన ఏదైనా పైపు కారితే నీళ్లు నిలవకుండా కీళ్ల దగ్గర కారే సందు ఉంచండి.


కిటికీ_పక్కన:

అద్దం గోడ గురించి అడిగారు, దానికి ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి నేను రాస్తా. చెల్లెలి కోరిక అర్థమైంది, అంత చూపు ఉన్నప్పుడు ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ పదడుగుల గదిలో ఒక గోడ మొత్తం అద్దమైతే ఎండ పొద్దున గది కొలిమి అవుతుంది, రాత్రి లోపల దీపం వేయగానే ఆ గాజు నల్లటి అద్దంలా మారి మన మొహమే మనకి కనబడుతుంది, బయట వాళ్లకి మాత్రం మనం మొత్తం కనబడతాం. పైన చెప్పిన యూవెట్‌లో పెద్ద అద్దాలే పెట్టారు, కానీ దానికోసం లోపలి చెక్కకి నల్లటి రంగు కలిపిన నూనె పట్టించారు, అద్దంలో లోపలి ప్రతిబింబం తగ్గాలని. అంటే అద్దం పెద్దది చేస్తే గది మొత్తం దాని ప్రకారం నడుచుకోవాలి. పక్షులు కూడా ఆకాశం అనుకుని కొట్టుకుంటాయి.

నాకైతే చిన్న గదికి ఒకే ఒక్క మంచి కిటికీ చాలు అనిపిస్తుంది. పడుకున్న మనిషి కంటి ఎత్తులో, మంచం పొడవునా, సన్నగా అడ్డంగా. లే కార్బూజియే అనే పేరున్న ఆర్కిటెక్టు తన కోసం మధ్యధరా సముద్రం ఒడ్డున 1952లో కట్టుకున్న చెక్క గది 3.66 మీటర్లు బై 3.66 మీటర్లు, ఎత్తు 2.26 మీటర్లే. మంచం, బల్ల, అల్మరా అన్నీ గోడల్లో భాగంగానే చేయించాడు, కిటికీలు చిన్నవే. మీ గది దానికంటే పెద్దదండీ, విడి ఫర్నిచర్ పెట్టకుండా అన్నీ గోడకే కట్టించుకుంటే చాలా విశాలంగా ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట, డ్రాయింగ్ గీసే ముందు అక్కడ పడుకోండి. నాలుగు చోట్లా, వీలైనన్ని వాతావరణాల్లో. నాలుగు కర్రలు పాతి క్యాబిన్ కొలతకి తాడు కట్టి లోపల పరుపు వేసుకోండి. సూర్యుడు ఎటు లేస్తున్నాడో, గాలి ఎటు నుంచి వస్తుందో, పక్క తాడు గదిలో మనిషి కూర్చుంటే కనబడుతున్నాడో లేదో, మాటలు వినబడుతున్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. పొడవు వైపు వాలుకి అడ్డంగా, అంటే ఒకే ఎత్తు గీత వెంబడి పెడితే గుంజల ఎత్తుల్లో తేడా తగ్గుతుంది. పెద్ద చెట్టు దగ్గరైతే దాని మాను మందానికి పన్నెండు రెట్ల దూరం వేళ్ల జాగా అని ఒక లెక్క ఉంది, అడుగు మందం మానుకి పన్నెండు అడుగులు, ఆ లోపల తవ్వకం పెట్టుకోవద్దు.

పైపులు ఎలా తీసుకెళ్తారు అనేది కూడా ఇప్పుడే ఆలోచించాలి. బండలో కాలువ తవ్వలేరు, నేల మీద పరిస్తే చూడ్డానికి బాగోదు, కాలికి తగులుతాయి. క్యాబిన్ల మధ్య నడవడానికి నేల నుంచి కొంచెం లేపిన చెక్క నడవ కడతారు కదా, నీళ్ల పైపు, కరెంటు వైరు అన్నీ దాని కిందే తీసుకెళ్లండి, పైన ఒక పలక విప్పితే రిపేరు అయిపోయేలా. బాత్రూమ్ నాలుగింటికీ నాలుగు పెట్టే ముందు మురుగు ఎక్కడికి పోతుందో చూసుకోండి, మట్టి మందంగా లేని చోట సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకవు, బండ పగుళ్లలోంచి కింద ఎవరి బావిలోకో చేరతాయి. మట్టి లోతుగా ఉన్న చోటు ఒక్కటి వెతికి అక్కడ ఒకే స్నానాల గది కట్టడం మీ జాగాకి నయమేమో.


రాతిగట్టు:

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. నాన్న, నేను, చెల్లెలు ముగ్గురం మొన్న రెండు రాత్రులు అక్కడే పడుకున్నాం, రెండో రాత్రి వాన పడింది, అది పడటమే మంచిదైంది. పొద్దున్నే లేచి చూస్తే మేం ఎంతో ఇష్టపడి తాడు కట్టిన రెండో చోటు మధ్యలోంచి చేతి మందాన నీళ్లు పారుతున్నాయి, ఎండలో ఎన్నిసార్లు చూసినా అక్కడ నీటి దారి ఉందని ఎవరికీ తెలియలేదు. దాన్ని పదిహేను అడుగులు పక్కకి జరిపాం. నాన్న సుత్తి పట్టుకుని బండంతా తట్టుకుంటూ తిరిగారు, మంచి చోట్లకి సుద్దతో గుర్తులు పెట్టారు, గట్టు చివర ఒక చోట డొల్లగా మోగింది, అది వదిలేశాం.

చదును చేసే ఆలోచన పూర్తిగా మానుకున్నాం. క్యాబిన్ల ఒళ్లు ఒకటే, కాళ్లు వేరు, గట్టు మీద ఉన్నదానికి చూరు తక్కువ. స్నానాల గది కింద మట్టి ఉన్న చోట ఒకటే. చెల్లెలు మంచం పక్క కిటికీకి ఒప్పుకుంది, తాడు గదిలో పడుకుని తనే ఎత్తు కొలుచుకుంది. దారి గురించి అడిగారు, బండి సగం దూరం దాకానే వస్తుంది, తర్వాత మోయాలి, కాబట్టి విడి పట్టెలే.

ఒక్క సందేహం మిగిలింది. నాలుగూ ఒకేసారి మొదలుపెట్టాలా, ఒకటి కట్టి చూడాలా?


దూలం_వాసం:

ఒకటే కట్టండి ముందు, అదీ అన్నింటికంటే కష్టమైన చోట, గాలి కొట్టే గట్టు మీద. కడ్డీలు, ఫ్రేము నాలుగింటికీ సరిపోతాయో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఒక వానాకాలం దాటనిచ్చి, చినుకు గారు చెప్పిన తేమ మీటరుతో మూలలన్నీ, ముఖ్యంగా గాలి కొట్టే వైపు పలకల కింది కొనలు, కిటికీ కింది మూలలు గుచ్చి చూడండి. ఆ అంకెలు రాసుకుని ఇక్కడ పెట్టండి, వాటిని చూసి మిగతా మూడింటి కీళ్లు మార్చాలో వద్దో చెప్తాను. కలప మాత్రం నాలుగింటికీ ఇప్పుడే తీసుకుని నీడలో, మధ్య మధ్య బద్దలు పెట్టి పేర్చేయండి, ఆ ఏడాదిలో అది నిదానంగా ఆరుతుంది.


రాతిగట్టు:

సరే అండీ, అలాగే చేస్తాం. వచ్చే వారం కడ్డీల లాగుడు పరీక్ష పెట్టుకున్నాం, అంకెలు రాగానే గాలివాటం గారికి ఇక్కడే పెడతా.